పంపు వాడి బండిలో ఉంది

పొద్దున్నే వసారాలో పాత పంచె ఒకటి పరిచి, దాని మీద పానాలూ స్క్రూడ్రైవర్లూ వరసగా పేర్చుకుంటుంటే పక్కింటాయన గోడ మీంచి తొంగి చూశాడు. "ఏంటి పంతులుగారూ, షెడ్డు పెడుతున్నారా?" అన్నాడు. బండిలో పెట్టుకోవడానికండీ అన్నాను. "అదేంటి, మీకు సామాను ఉండేది కదా! మీరూ మీ బావమరిదీ ఇక్కడే కూర్చుని సర్దుకునేవాళ్ళు?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, తెలియక అడిగాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "ఉండేదండీ, సగం ఉండేది" అని తల వంచుకుని ప్లగ్గు పానా తుడవడం మొదలుపెట్టాను.

ఆ సగం సంగతే రాస్తున్నాను. నోటితో చెబితే కేకలు వేస్తానని భయం. రాస్తే కాస్త నిదానంగా వస్తుందేమో చూడాలి.

మాది చిలకలూరిపేట. నాన్న పురోహితుడు, నేనూ పురోహితుణ్ణే. కాపురం పేటలో, పని మాత్రం చుట్టుపక్కల ఊళ్ళలో. రైతుకి పొలం ఎలాగో మాకు ఊరు అలాగ. ఫలానా ఊరు ఫలానా పంతులుగారిది అంటే, ఆ ఊళ్ళో పెళ్ళయినా, గృహప్రవేశమైనా, వ్రతమైనా ఆయన్నే పిలవాలి. దీనికి కాగితమూ లేదు, సంతకమూ లేదు. ఊరి వాళ్ళ నోటిమాట ఒక్కటే. మార్టూరు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరు మా నాన్నది. పేరు రాయను, ఆ మనుషులు మంచివాళ్ళే. నాన్న తర్వాత ఆ ఊరు నాకొచ్చింది. పేటలో అడపాదడపా ఎవరో పిలుస్తారు గానీ, నాదీ అని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఒక్క ఊరే.

ఆ ఊరికీ నాకూ మధ్య శని నా బండి. నాన్న సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఏనాడూ ముహూర్తం తప్పలేదు. నేను మోటారు సైకిలు మీద వెళ్ళి అస్తమానం తప్పేవాణ్ణి. మా నేల అలాంటిది మరి. వానాకాలంలో నల్లరేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చేరి బిగుసుకుంటుంది, పుల్లతో గీరి గీరి తీయాలి. వానలు వెళ్ళాయా, డొంకల పక్కన పత్తి మోళ్ళు, తుమ్మ ముళ్ళు. ఒకసారి పెళ్ళికి వెళ్తుంటే మిరప చేల మధ్య క్లచ్ కేబులు పుటుక్కున తెగింది. అక్కడ ముహూర్తం ముంచుకొస్తోంది. పెళ్ళికూతురి మేనమామ ఫోనులో ఒకటే కేకలు. చేసేదేముంది, రోడ్డు పక్కన నిలబడి ఫోనులోనే మంత్రం చదివాను, వాళ్ళు స్పీకరు పెట్టి జీలకర్ర బెల్లం పెట్టించారు. మధ్యలో సిగ్నల్ పోయి నా మంత్రం సగంలో ఆగిపోతే కుర్రాళ్ళు విరగబడి నవ్వారట. ఆ రోజు నుంచి ఊళ్ళో నా పేరు ఆలస్యం పంతులు.

ఆ ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన ఉన్నాడు. మిర్చీ పత్తీ బాగా పండిస్తాడు, నలుగురికీ ఆయన మాటంటే గురి. ఆయన ఎవరితో చేయించుకుంటే మిగతా ఊరూ వాళ్ళతోనే చేయించుకుంటుంది. ఆయన కొత్త ఇల్లు కట్టాడు. కార్తీకంలో వాళ్ళింట్లో వ్రతం అయ్యాక నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. "పంతులుగారూ, మీ నాన్నగారంటే మాకు దేవుడితో సమానం. ఆయన మొహం చూసి ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాం. మాఘంలో నా గృహప్రవేశం. ముహూర్తానికి గనక మీరు పీట మీద లేకపోతే మేం వేరే ఆయన్ని చూసుకుంటాం. ఇక మీరు ఊళ్ళోకి రానక్కర్లేదు. ఏమనుకోమాకండి" అన్నాడు. అనుకోవడానికేముంది, నిజమే కదా! తిరిగి పేటకి వచ్చేదాకా దారి పొడుగునా బండిని తిట్టుకుంటూనే వచ్చాను.

మా ఆవిడ తమ్ముడు అప్పటికి మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఒంగోలులో ఒక బండ్ల షెడ్డులో కొన్నాళ్ళు పనిచేసి, అక్కడ పొసగక, "బావా, నాకూ మంత్రం నేర్పవా" అని వచ్చాడు. నేర్పాను. పుణ్యాహవాచనం దగ్గర మొదలుపెట్టి, వాస్తు హోమం, పెళ్ళి తంతు దాకా అన్నీ నేర్పాను. స్వరం తప్పితే తొడ మీద ఒక్కటిచ్చి మరీ నేర్పాను. వాడి గొంతు బంగారం, అది ఒప్పుకోవాలి. ఎక్కడికెళ్ళినా నేను పీట మీద, వాడు సాయంగా నా పక్కన. వాడికి పెళ్ళి కావడం లేదని మా ఆవిడకి ఒకటే బెంగ. ఈ రోజుల్లో పౌరోహిత్యం చేసేవాడికి పిల్లనిచ్చేవాళ్ళేరీ? ఒకళ్ళిద్దరు వచ్చినా "అబ్బాయికి సొంత ఊరేదైనా ఉందా?" అని అడిగేవాళ్ళు. లేదు, బావగారి వెంట తిరుగుతాడు అని తెలియగానే మర్యాదగా కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు.

రైతు అన్న మాట ఇంటికొచ్చి చెబితే వాడు తేలిగ్గా నవ్వేశాడు. "దానికింత దిగులెందుకు బావా? బండిలో సామాను ఉంచుకుంటే సరి. రోడ్డు మీద ఏది పాడైనా మనమే బాగుచేసుకుందాం" అన్నాడు. సీటు కింద కంపెనీ వాళ్ళిచ్చిన సంచీ విప్పి చూసి, "ఇవి పానాలా, రేకు ముక్కలు! గట్టిగా తిప్పితే వంగిపోతాయి" అని పక్కన పడేశాడు.

ఇద్దరం పేట బజారంతా తిరిగి ఒక్కొక్కటే కొన్నాం. షాపువాడు పెట్టె నిండా పానాలున్న సెట్టు చూపిస్తే వాడు ముట్టుకోలేదు. నా బండికి ఏ నట్లున్నాయో వాటికి పట్టేవే ఏరి, మిగతావి మోత బరువు అన్నాడు. ప్లగ్గు పానా, తోడుగా ఒక కొత్త ప్లగ్గు. తిరగేసి బిగిస్తే ఇటూ అటూ పనికొచ్చే స్క్రూడ్రైవరు. కటింగ్ ప్లేయరు. చెయిను తెగితే వేసుకోవడానికి లాకు. ఫ్యూజులు, టేపు, ఒక చుట్ట కట్టుడు తీగ. క్లచ్ కేబులు మాత్రం సంచీలో పెట్టనివ్వలేదు. కొత్త కేబులుని పాతదాని పక్కనే బండికి కట్టేశాడు. పాతది తెగితే కొనలు మార్చుకోవడమే పని, దూర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. నాకా ఆలోచన భలే నచ్చింది. ఇక పంక్చరుకి టైరు లేపే లివర్లు, ప్యాచీలు, సొల్యూషను, గరుకు కాగితం, కాలితో తొక్కే పంపు.

నా వంతుగా నేనూ కొన్ని చేర్చాను. చిన్న సీసాలో కుంకుడు రసం. ఎందుకంటే అంతకుముందు ఒకసారి ఊడిన చెయిను ఎక్కించి, చెయ్యి సరిగా కడుక్కోకుండా వెళ్ళి అక్షింతలు పంచితే, ఒక ముసలావిడ అరచెయ్యి చూసుకుని "ఇవేంటి అయ్యగారూ, నువ్వులా?" అంది. కవరులో చుట్టి ఉతికిన పంచె ఒకటి. ప్యాచీ వేశాక ట్యూబు లోపల అంటుకోకుండా కాస్త పౌడరు చల్లాలి బావా అన్నాడు వాడు. పౌడరెందుకురా, నా సంచీలో విభూతి ఉందిగా అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి ఏమిటా నవ్వు అని అడిగి, విని, తనూ నవ్వింది. తన పాత చీర అంచు చింపి, వస్తువుకొక జేబు చొప్పున కుట్టి, చుట్ట చుట్టుకునేలా సంచీ చేసిచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు సాయంత్రాలు వసారాలో మా ఇద్దరికీ పాఠాలే. చక్రం ఊడదీయకుండా టైరు ఒక పక్క మాత్రం లేపి ట్యూబు లాగడం నాకు నేర్పాడు. ముల్లు కనపడగానే పీకి పారేయకు బావా, అదెక్కడుందో చిల్లు అక్కడే, ముందు చోటు గుర్తుపెట్టుకో అని చెప్పాడు. నేను టైరుతో కుస్తీ పడుతుంటే వాడు పక్కన కూర్చుని వాస్తు హోమం అప్పజెప్పేవాడు. నేను మసి చేతులతోనే తప్పులు దిద్దేవాణ్ణి. నా లివరు జారితే వాడు నవ్వేవాడు, వాడి స్వరం జారితే నేను నవ్వేవాణ్ణి. నా జీవితంలో అంత హాయిగా గడిచిన సాయంత్రాలు తక్కువ. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాలి కదా.

సామానంతా సర్దే రోజున వాడే అన్నాడు. "అన్నీ ఒక్క బండిలో ఎందుకు బావా? ఎప్పుడూ ఇద్దరం ఒకే దారిన వెళ్తాం కదా. లివర్లూ ప్యాచీలూ నీ బండిలో పెట్టు. పంపూ పెద్ద పానాలూ నా బండిలో ఉంటాయి." వాడికీ ఒక పాత బండి ఉండేది, నేను కొనిపెట్టిందే. ఆ పంపకం నాకు ముచ్చటగా అనిపించింది, అన్నదమ్ములు పంచుకున్నట్టు. అప్పటికే వాడి మనసులో ఏదైనా ఉందా అంటే, లేదనే అనుకుంటాను. ముందే కుట్ర పన్ని ఉంటే వాణ్ణి దొంగ అనుకుని ఊరుకునేవాణ్ణి. అలా కాదు. సందు దొరికింది, దూరాడు. నాకు మంట దాని మీదే ఎక్కువ.

మాఘం వచ్చింది. గృహప్రవేశం రోజు తెల్లవారుతుండగానే బండి తీశాను. ముహూర్తానికి బోలెడు టైముంది. వాడు గుమ్మంలో నిలబడి, "దండలు ఇంకా రాలేదు బావా, నువ్వు నడువు, అవి తీసుకుని నీ వెనకే వచ్చేస్తా" అన్నాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చి, "జాగ్రత్తగా వెళ్ళండి, ఈసారి మాట పోకూడదు" అంది. అలాగే అన్నాను.

మార్టూరు దాటి, పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగాను. కాలవ వంతెన దాటి కొంచెం దూరం వెళ్ళానో లేదో వెనక చక్రం కూర్చుండిపోయింది. దిగి చూస్తే పత్తి మోడు, ఏ ట్రాక్టరు మీంచి రాలిందో, టైరులో సగం దాకా దిగి ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. పంచె ఎగ్గట్టి, సంచీ విప్పి, చోటు గుర్తుపెట్టుకుని, టైరు లేపి, ట్యూబు లాగి, గరుకు కాగితంతో రుద్ది, ప్యాచీ వేసి, విభూతి చల్లి, అన్నీ వాడు చెప్పినట్టే చేశాను. ఒక్క తప్పు లేదు. టైరు మళ్ళీ రిమ్ము లోపలికి ఎక్కించాక నన్ను నేనే మెచ్చుకున్నాను. మిగిలింది గాలి కొట్టడం.

పంపు వాడి బండిలో ఉంది. అయితేనేం, వెనకే వస్తున్నాడు కదా! ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఒరేయ్, పంక్చరయిందిరా. ప్యాచీ వేసేశాను, గాలి కొట్టుకోవడమే. కాలవ వంతెన దాటాక ఉన్నాను. పంపు పట్టుకుని తొందరగా రా."

కాలవ వంతెన దాటాకేనా అని మళ్ళీ అడిగి ఖాయం చేసుకున్నాడు. తర్వాత, "అక్కడే ఉండు బావా. ఎక్కడికీ కదలకు. ఇదిగో వచ్చేస్తున్నా" అన్నాడు.

కదల్లేదు. మిరప కోతకి వెళ్ళే ఆడవాళ్ళతో ఒక ఆటో వచ్చింది. అందులో ఒకావిడ నన్ను గుర్తుపట్టి ఆటో ఆపించింది. "అయ్యగారూ, పెద్దోరి ఇంటికేనా? ఎక్కండి, సర్దుకుంటాం, ఊళ్ళో దించేసి పోతాం" అంది. మా బావమరిది వస్తున్నాడమ్మా, మీరు వెళ్ళండి అన్నాను. "మళ్ళీ ఆలస్యమైపోద్దేమో చూసుకోండి" అని ఆవిడ నవ్వింది. కాదులేమ్మా, ఈసారి కాదు అని నేనూ నవ్వాను. ఆటో వెళ్ళిపోయింది.

ఎండ ఎక్కుతోంది. మళ్ళీ ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది. బండి నడుపుతుంటాడు, ఎలా ఎత్తుతాడు అనుకున్నాను. ఇంకా కాసేపటికి చేశాను, అంతే. వాడికేమైనా అయిందేమో, హైవే మీద లారీలు అసలే మంచివి కావు అని గాబరా పడ్డాను కూడా! ఇంటికి చేస్తే మా ఆవిడ హడలిపోతుందని చేయలేదు. నా తలకాయ. వింత ఏమిటంటే ఇంత సేపైనా ఆ రైతు నుంచి "ఎక్కడున్నారు?" అని ఒక్క ఫోను రాలేదు. పాపం మర్యాదస్తుడు, నమ్మకంతో ఉన్నాడు అనుకున్నాను. నేనే చేద్దామా అంటే, మళ్ళీ పంక్చరని చెప్పడానికి నోరు రాలేదు.

చివరికి ముహూర్తం నెత్తి మీదికి వచ్చేసింది. కల్లం నుంచి ఎండు మిరపకాయలు వేసుకుని, తాలు కాయలు ఏరించడానికి ఊళ్ళోకి వెళ్తున్న ట్రాక్టరు ఒకటి వస్తే చెయ్యెత్తి ఆపాను. ముందు చోటు లేదు. బండి అక్కడే వదిలేసి, వెనక మిరపకాయల కుప్ప మీద కూర్చున్నాను. ఆ ఘాటు తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. గతుకు గతుక్కీ పొడి లేచి ముక్కులోకీ కళ్ళలోకీ పోతోంది. తుడుచుకుందామంటే చేతుల నిండా మసి. ఊరు చేరేసరికి కళ్ళు చింతనిప్పుల్లా అయి ధారగా నీళ్ళు కారుతున్నాయి.

కొత్త ఇంటి ముందు షామియానా, మామిడాకుల తోరణాలు. లోపల్నుంచి పుణ్యాహవాచనం మంత్రం వినపడుతోంది. వాడి గొంతే! నాకు ముందు ఎంత హాయిగా అనిపించిందంటే, అమ్మయ్య, వీడు వేరే దారిన వచ్చేశాడు, నేను అందలేదని నా బదులు మొదలుపెట్టేసి ముహూర్తం కాపాడాడు అనుకున్నాను. గబగబా గేటు లోపల కాలు పెట్టబోయాను.

"అయ్యో పంతులుగారూ, ఆగండాగండి! అక్కడే ఉండండి!" అని ఇంటావిడ ఎదురొచ్చింది. "మైలలో ఉండి రాకూడదు గదండీ. కొత్త ఇల్లు."

"ఎవరి మైలమ్మా?" అన్నాను.

రైతు బయటికి వచ్చాడు. నా కళ్ళు చూసి ఆయన మొహం జాలిగా అయిపోయింది. "మీ పెదనాన్నగారు పొద్దున పోయారంట గదండీ, సింగరాయకొండలో. మీ బావమరిది ఫోన్ చేసి చెప్పాడు. పాపం ఎంత ఏడ్చారో, కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. మీరు రాలేరు, తను వచ్చి జరిపిస్తానన్నాడు. ఆయనది వేరే గోత్రం కాబట్టి మైల అంటదని చెప్పాడు."

నాకు అప్పుడు అర్థమైంది. నాన్న అన్నగారు. ఆయన పోతే నాకు పది రోజులు మైల, ఏ శుభకార్యం గడపా తొక్కకూడదు. నన్ను పీట మీంచి దించడానికి పురోహితుడికి మాత్రమే తట్టే అబద్ధం అది. ఆ మైల లెక్కలు వాడికి నేర్పింది నేనే.

"ఎవరూ పోలేదండీ! మా పెదనాన్న దుక్కలా ఉన్నాడు! ఇది మిరపకాయల ఘాటు, ట్రాక్టరు మీద వచ్చాను!" అని అరిచాను. అందరూ తిరిగి చూశారు. వెంటనే పెదనాన్నకి ఫోను కలిపి స్పీకరు పెట్టాను. మోగుతోంది, మోగుతోంది, ఎవరూ ఎత్తరు. ఆయన గుడికి వెళ్తే ఫోను ఇంట్లో వదిలేసి వెళ్తాడు. ఆ మోత వింటూ అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. వెనకెవరో "పోయినాయన ఎట్టా ఎత్తుతాడు పాపం" అన్నారు.

అప్పుడు రైతు మొహంలో జాలి పోయింది. "చూడండి పంతులుగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఊరు పోద్దని భయంతో మైల దాచిపెట్టి నా కొత్తింటికి వచ్చారు. మీ నాన్నగారైతే ఈ పని చేసేవారా? మీ బావమరిదికి బట్టలు పెట్టేశాం, దంపతులకి కంకణాలు కట్టేశారు. ఇక మధ్యలో మనిషిని మార్చకూడదని మీరే చెబుతారు. దయచేసి వెళ్ళండి."

గుమ్మంలోంచి వాడు కనపడుతున్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. మంత్రం ఆపలేదు. గొంతు ఇంకాస్త పెంచాడు. ఒక్క స్వరం తప్పలేదు.

సాయంత్రం ఎవరి దగ్గరో పంపు అడుక్కుని బండి తెచ్చుకున్నాను. పెదనాన్న తిరిగి ఫోను చేస్తే, ఆ రైతుకి కలిపి మాట్లాడించబోయాను. "గొంతు విని నేనెట్టా గుర్తుపడతానండీ, పోనీలెండి, అయిందేదో అయింది" అని పెట్టేశాడు. ఇంట్లో మా ఆవిడకి అంతా చెప్పాను. చెబుతూ నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను, ఈసారి మిరపకాయల వల్ల కాదు. తను తలుపు పట్టుకుని నిలబడి, "వాడు కావాలని చేసి ఉండడండీ, ఎవరో తప్పు చెప్పి ఉంటారు" అంది. మర్నాడు నేను లేని వేళ చూసి వాడు బట్టలు తీసుకుపోయాడు. ఆ ఊళ్ళోనే గది తీసుకున్నాడని తెలిసింది. నా ఫోను మాత్రం ఎత్తడు.

నేను ఊరుకోదలచలేదు. ఊరు పోయినా పోయింది, మైల దాచి గడప తొక్కినవాణ్ణనే మాట నాన్న పేరుకి తగలకూడదు. గొంతు నమ్మకపోతే మనిషిని చూపిస్తాను, పెదనాన్నని బండి మీద ఎక్కించుకుని వెళ్ళి ఆ ఊరి నడిమధ్య దించుతాను అనుకుని సింగరాయకొండ వెళ్ళాను.

పెదనాన్న కుర్చీలో కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటున్నాడు. అంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "చంపేశాడట్రా నన్ను! మంచిదేలే, ఆయుష్షు పెరుగుతుంది. పద, రేపే పోదాం. ఏవయ్యా, నేనే ఆ పోయినవాణ్ణి, కాస్త కాఫీ ఇప్పించండి అని అడుగుతాను" అన్నాడు. ఆ నవ్వు వింటే నా గుండెల్లో బరువు సగం దిగింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

అన్నాలకి లేస్తూ ఆయన అన్నాడు. "అవునొరేయ్, ఆ రోజు పొద్దున్నే మీ ఆవిడ ఫోను చేసిందే!"

"ఎప్పుడు?"

"ఇంకా ఎండ ఎక్కలేదు. నేను గుడికి బయల్దేరుతున్నాను. మామయ్యగారూ, మీరేనా అంది. నేనేనమ్మా అన్నాను. బాగున్నారా అంది. నిక్షేపంలా ఉన్నాను, ఏమిటమ్మా ఇంత పొద్దున్నే అన్నాను. ఏం లేదండీ అని పెట్టేసింది. గొంతు అదోలా ఉంటే, నువ్వేమైనా అన్నావేమోలే అనుకున్నాను."

నేను విస్తరి ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. పెదనాన్నకి జలుబు చేసిందంటే రెండుసార్లు ఫోను చేసి కనుక్కునే మనిషి మా ఆవిడ. ఆ సాయంత్రం నేనంత చెప్పినా, ఆయన ఎలా ఉన్నారని ఒక్క మాట అడగలేదు. నా ఏడుపులో నేనుండి అది పట్టించుకోలేదు.

పెదనాన్న పిలుస్తున్నా వినకుండా ఒక్కణ్ణే బండి తీశాను. ఇంటికొచ్చేసరికి తను వంటింట్లో గోంగూర ఒలుస్తోంది. చెప్పులు విప్పి ఎదురుగా కూర్చున్నాను.

"ఆ పొద్దున పెదనాన్నకి ఫోను చేశావా?"

"చేశాను" అంది.

"ఎందుకు?"

"మీరు ఫోను చేసి పెట్టేశాక వాడు వసారాలో నిలబడి వాళ్ళకి చెబుతుంటే విన్నాను. నిజంగానే పోయారేమోనని గుండె గుభేలుమంది. వాడు వెళ్ళగానే చేశాను."

"ఉన్నారని తెలిసింది కదా!"

"తెలిసింది."

"అప్పటికి నేనింకా ఆ రోడ్డు మీదే ఉన్నాను."

"తెలుసు."

"మరి నాకెందుకు చేయలేదే?"

గోంగూర కట్ట పక్కన పెట్టి, తలెత్తి సూటిగా నా మొహంలోకి చూసింది. కళ్ళనీళ్ళు లేవు. "సొంత ఊరు లేకపోతే వాడికి ఈ జన్మకి పెళ్ళి కాదండీ. ఫోను చేస్తే మీరు ఏ బండో పట్టుకుని వెళ్ళి, వాణ్ణి పీట మీంచి లేపేసేవారు" అంది.

నిజమే. లేపేసేవాణ్ణే.